చిన్నాన్న కొబ్బరాకు ఈల

మొన్న కార్తీకమాసం వెళ్లిపోతూండగా ఒక రెండో శనివారం నాడు, మా అమలాపురం మార్నింగ్ వాకింగ్ బృందం వారు నన్ను బతిమాలి, బెల్లించి, మోకాళ్ల నొప్పులన్న నా సాకును కూడా చెల్లనివ్వకుండా, అల్లవరం అవతల సముద్రపు వారన పక్షులను చూడడానికని టెంపో ఎక్కించారు. అందరూ నా ఈడువాళ్లే. పక్షిని కూరగిన్నెలో తప్ప కొమ్మ మీద చూసిన అలవాటు లేనివాళ్లు, మెడలో బైనాక్యులర్లు వేసుకుని, నెత్తిన ఒకే రంగు టోపీలు పెట్టుకుని, టెంపో కదలకుండానే ఇడ్లీ పొట్లాలు విప్పేశారు. ముందుసీట్లో కూర్చున్న రిటైర్డు బ్యాంకు మేనేజరుగారు ప్రకృతి ఎంత దయగలదో రావులపాలెం నుంచి వచ్చిన తన బావమరిదికి దారి పొడుగునా బోధిస్తూనే ఉన్నారు. ఆయన ప్రకృతిని చూడడం ఆ రోజే మొదలు కాబట్టి నేను ఇడ్లీ తింటూ విన్నాను.

మమ్మల్ని నడిపించడానికి కాలేజీలో జువాలజీ చెప్పే అమ్మాయి ఒకతె వచ్చింది. మంచి పిల్ల. రొయ్యల చెరువుల గట్ల మీద మా అందరినీ కోడిపిల్లల్లా వెంటేసుకుని, అది నారాయణపక్షి, ఇది లకుముకిపిట్ట అని ఓపికగా చూపించింది. చెరువులు అయిపోయి, జంబుగడ్డి దట్టంగా పెరిగిన నీటి పల్లం ఒకటి రాగానే అందరినీ నిశ్శబ్దంగా నిలబడమని, సంచిలోంచి చిన్న స్పీకరు తీసి గట్టు మీద పెట్టి, ఫోనులో ఏదో నొక్కింది. "చూస్తూ ఉండండి మేడమ్, వాటంతటవే వచ్చేస్తాయి" అంది నాతో.

స్పీకరులోంచి సన్నగా, రెండు విరుపులతో ఒక ఈల వచ్చింది. చిలువ బాతులు ఎగురుతూ వేసే ఈల అది. ఒకసారి, మళ్లీ ఒకసారి.  పక్కనున్నావిడ భుజం పట్టుకున్నాను. నలభయ్యేళ్లు దాటిపోయింది ఆ ఈల విని. దాన్ని ఇక ఈ జన్మలో వినక్కర్లేదని నేను అనుకోవడం, అలా అనుకున్నందుకు కొంత నిశ్చింతగా బతకడం కూడా అలవాటైపోయింది.

ఆ ఈల మా చిన్నాన్నది. నాన్నగారి తమ్ముడు. మా ఊరు ఆ చుట్టుపక్కలే, పేరెందుకు లెండి. ఇప్పుడు చెరువులు తవ్విన నేలంతా అప్పుడు పర్ర. పర్ర అంటే నా తరం వాళ్లకి చెప్పక్కర్లేదు గాని, మనవలు చదివితే వాళ్ల కోసం చెబుతున్నాను. ఉప్పుకీ మంచినీళ్లకీ మధ్య ఎటూ తేలక, వరి పండక, వానాకాలం నీళ్లు నిలిచిపోయి జంబు మొలిచే బీడు. సార్వా వరి కోతల ముందు, మంచు పడడం మొదలయ్యే రోజుల్లో అక్కడికి లెక్కలేనన్ని బాతులు దిగేవి. మా చిన్నాన్నకి చదువు అబ్బలేదు. నాన్నగారు బళ్లో మాస్టారు, చర్చిలో పెద్ద, ఇస్త్రీ పంచె. చిన్నాన్న మోకాళ్ల దాకా బురద. నానమ్మకి మాత్రం ఇస్త్రీ పంచె కంటే బురద కాళ్ల మీదే ప్రేమ ఎక్కువ, అది దాచుకునే మనిషి కూడా కాదు ఆవిడ.

లేత కొబ్బరాకును చీల్చి, ఈనె తీసేసి, రెండు బొటనవేళ్ల మధ్య బిగించి ఊదేవాడు చిన్నాన్న. మా కోనసీమ పిల్లలందరికీ కొబ్బరాకు బూర చెయ్యడం వచ్చు, కాని మేం ఊదితే కుక్కలు మొరిగేవి, ఆయన ఊదితే ఎక్కడో ఆకాశంలో పోతున్న చిలువల గుంపు పక్కకి వాలి, తిరిగి, మళ్లీ తిరిగి, జబ్బలు బిగబట్టి నీళ్లలోకి జారేది. అలా దిగిన తరువాత ఇంకో పని ఉండేది. పర్ర నీటి మీద నాలుగైదు నల్లటి ఖాళీ కుండలను కొన్నాళ్ల ముందే బోర్లించి వదిలేసేవాడు. అవి తేలుతూ ఉండడం చూసి చూసి బాతులకి కుండంటే భయం పోయేది. అప్పుడు చిన్నాన్న కళ్ల దగ్గర రెండు బెజ్జాలు పెట్టిన కుండ ఒకటి నెత్తిన బోర్లించుకుని, మెడలోతు నీళ్లలో చప్పుడు లేకుండా నడిచి వెళ్లి, నీటి అడుగు నుంచి చెయ్యి చాచి బాతు కాళ్లు పట్టుకుని లోపలికి లాగేసేవాడు. పక్క బాతుకి తెలిసేది కాదు. ఇది దయగల పని కాదని నాకూ తెలుసు. మా ఇంట్లో క్రిస్మసుకి ముందు నెల రోజులూ ఆ కూరే.

అమలాపురం నుంచి పెద్దమనుషులు వేటకి వచ్చేవారు. ఒక ప్లీడరుగారు, ఆయన స్నేహితులు, జీపులో, తుపాకులతో, ఫ్లాస్కులతో. చిన్నాన్న ఈల వేసి పిట్టలను దించాలి, వాళ్లు కొట్టాలి, పడ్డవాటిని చిన్నాన్న ఈదుకుంటూ వెళ్లి తేవాలి. వాళ్లు సరదా పడితే కుండ పెట్టుకుని ఒకటి రెండు చేత్తో పట్టి చూపించేవాడు కూడా. నాన్నగారు వాళ్ల వెంట వెళ్లేవారు. ఆయనకి వేట ఇష్టమని కాదు, తుపాకీ చప్పుడు వింటే ఉలిక్కిపడే మనిషి. కాని ఆ పెద్దమనుషులు తనను మాస్టారూ అని పిలిచి పక్కన నిలబెట్టుకోవడం ఆయనకి ఎంతో గొప్పగా ఉండేది. వాళ్లతో వెళ్లొచ్చిన రోజు అన్నం తింటూ వాళ్లు వాడిన ఇంగ్లీషు మాటలు అమ్మకి చెప్పి మురిసిపోయేవారు.

నాకు బాగా చిన్నతనంలో, అలాంటి ఒక కార్తీకపు పొద్దున, చిన్నాన్నను జీపులో వేసుకుని ఇంటికి కాక సరాసరి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి రెండు కళ్లకీ గుడ్డ. ఆ గుడ్డ విప్పాక కూడా లోకం ఆయనకి అలాగే ఉండిపోయింది. ఇంట్లో మాకు చెప్పిందేమిటంటే, చిన్నాన్న కుండ పెట్టుకుని నీళ్లలో ఉండగా తల మీదుగా పిట్టల గుంపు ఒకటి పోయింది, నలుగురూ నాలుగు వైపుల నుంచీ కాల్చారు, ఎవరి తుపాకీ రవ్వలు తగిలాయో దేవుడికే తెలియాలి. కుండ బెజ్జాల్లోంచి ఆయనకి కనిపించేది ముందున్న నీళ్లే కదా, గట్టు మీద ఎవరు ఏం చేశారో ఆయన చూడలేదు, దెబ్బ తగిలాక ఎన్ని మోతలు వినపడ్డాయో ఆయనకి గుర్తూ లేదు. ప్లీడరుగారు పళ్లబుట్టతో వచ్చి కాసేపు కూర్చుని వెళ్లారు. చిన్నాన్నకి ఇస్తామన్న పిల్లను వాళ్ల నాన్న ఆ క్రిస్మసుకే కొత్తపేట సంబంధం చూసి చేసేశాడు. పెళ్లి భోజనం మా ఇంటికి కారియరులో పంపించారు కూడాను. చిన్నాన్న అడిగి మరీ వడ్డించుకుని తిన్నాడని అమ్మ చెప్పేది.

నానమ్మ ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, "నా బిడ్డ కళ్లు తీసినోడెవడో గాని ఆడి చెయ్యి పడిపోనూ, ఆడి నోరు పడిపోనూ" అని గొంతెత్తి తిట్టేది. ఆ సమయానికి నాన్నగారు అరుగు మీద కూర్చుని బళ్లోకి వెళ్లే ముందు కాఫీ తాగుతూ ఉండేవారు. గ్లాసు దించకుండా, తల ఎత్తకుండా, చివరి గుక్క దాకా తాగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవారు. ఆ మర్యాద చూసి ఊళ్లోవాళ్లు, మాస్టారిది ఎంత నిబ్బరమైన మనసో అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. నానమ్మ పోయేదాకా ఆ తిట్టు ఒక్కరోజు తప్పలేదు.

తరువాత కొన్నాళ్లకి చట్టాలు వచ్చాయి, పిట్టలను కొడితే జైలు అన్నారు. పెద్దమనుషుల తుపాకులు బీరువాల్లోకి వెళ్లాయి, బీరువాల్లోంచి దుర్భిణులు వచ్చాయి. నిన్నటిదాకా బాతు కూరలో మిరియాలు తక్కువయ్యాయని వంకలు పెట్టినవాళ్లే పక్షి ప్రేమికులైపోయి, ఏటా చలి మొదలయ్యే రోజుల్లో హైస్కూలు పిల్లలను వెంటపెట్టుకుని పర్రల్లో ప్రకృతి నడక అంటూ మొదలుపెట్టారు. ప్లీడరుగారే దానికి పెద్ద. దుర్భిణి ఉంటే సరిపోతుందా, పిట్టలు దగ్గరికి రావద్దూ? మళ్లీ మా చిన్నాన్న కావలసి వచ్చాడు. కళ్లు పోయినవాణ్ణి ఏ ముఖం పెట్టుకుని అడుగుతామని వాళ్లకి అనిపించలేదు. జీపు పంపించారు.

చిన్నాన్న వెళ్లాడు. ఆ ఏడు, మరుసటేడు, ఆ తరువాతా వెళ్లాడు. చెయ్యి పట్టుకుని నడిపించే పని నాది. నేను అప్పుడు హైస్కూల్లో పైతరగతులకి వచ్చాను. గట్టు మీద ఆయనను కూర్చోబెట్టి కొబ్బరాకు చేతికి ఇచ్చేదాన్ని. ఆయన ఊదేవాడు, చిలువలు తిరిగి తిరిగి దిగేవి, పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు, పెద్దమనుషులు దుర్భిణులు ఒకరికొకరు మార్చుకునేవారు. ఆ సందడి సద్దుమణిగాక చిన్నాన్న నా వైపు తల తిప్పి, "ఎన్ని దిగేయమ్మా?" అని అడిగేవాడు. "చాలా దిగేయి చిన్నాన్నా" అనేదాన్ని. ఎర్రగా ఉన్నాయా, రెక్కలు ఎలా ముడిచాయి, పిల్లలున్నాయా అని అడిగి అడిగి చెప్పించుకునేవాడు. నాకు ఆ నడకల్లో ఒక్క పిట్టనూ స్థిమితంగా చూసిన గుర్తు లేదు. చూసిందల్లా ఆయనకి అప్పజెప్పడం కోసమే చూశాను.

ఎందుకు వెళ్తావు చిన్నాన్నా, వాళ్ల జీపెందుకు ఎక్కుతావు అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను. "పిట్టల కోసం ఎల్తన్నాననుకున్నావా? ఆళ్లలో ఎవడో ఒకడు నోరు జారతాడమ్మా, ఎప్పుడోకప్పుడు. ఎవడు కొట్టేడో తెలియకండా నేను చావనే" అన్నాడు, మామూలుగా, గొంతు కూడా పెంచకుండా. ఆయనకి కావలసింది అంతే. కళ్లు రావని ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఎవరి చేతి మీదుగా పోయాయో, ఆ చెయ్యి తనది అని ఆ మనిషి నోటితో ఒక్కసారి వినాలి. ప్లీడరుగారి మీదే ఆయన అనుమానం. అందుకే ప్లీడరుగారు మాట్లాడుతూంటే మెడ రిక్కించి వినేవాడు. నాన్నగారు ఆ నడకలకి ఏనాడూ రాలేదు. ఏటా ఆ రోజుకే చర్చి పని ఏదో తగిలేది.

నోరు జారిన రోజు రానే వచ్చింది. మంచు ఇంకా విడలేదు. కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారొకాయన, తెలియనితనం కొద్దీ, ఈయన కళ్లు ఎలా పోయాయండీ అని ప్లీడరుగారిని అడిగారు. చిన్నాన్న అప్పుడే ఆకు నోటికి ఆనించుకున్నాడు. ప్లీడరుగారు పకపకా నవ్వారు. "ఏం చెప్పమంటారండీ, అంతా మా సరదా. పిట్టలు ఇంకా దిగలేదు, ఊసుపోక వీళ్లన్నగారి చేతికి తుపాకీ ఇచ్చి, ఏదీ మాస్టారూ, ఆ కుండల్లో ఒక్కటి పగలగొట్టండి చూద్దాం అన్నాం. అంతకుముందే ఈల జంబులోంచి వినపడింది గదా, ఈయనింకా అక్కడే ఉన్నాడనుకున్నారాయన, కుండలన్నీ ఖాళీవే అనుకున్నారు. జన్మలో తుపాకీ పట్టని మనిషి, ఎంచి ఎంచి తమ్ముడున్న కుండే కొట్టేరండీ!" అన్నారు. సైన్సు మాస్టారు నోరు తెరిచి చిన్నాన్న వైపు చూడబోతే, ప్లీడరుగారు ఆయన వీపు తట్టి, "ఆయ్, అన్నదమ్ములండీ, ఒక్క కంచంలో తింటన్నారు, ఈపాటికి చెప్పుకుని ఉండరేంటి?" అని దుర్భిణి తుడుచుకోవడంలో పడ్డారు. ఆయనలో విషం ఏమీ లేదు. అది నాకు మరీ అసహ్యంగా ఉంటుంది, ఇప్పటికీ.

చిన్నాన్న ఆకు దించలేదు. ఊదాడు. అంత నికరంగా, అంత తియ్యగా ఆయన ఊదడం నేను అంతకుముందు వినలేదు. చిలువలు వచ్చాయి, తిరిగాయి, దిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.  ఆయన తల తిప్పి, "ఎన్ని దిగేయమ్మా?" అన్నాడు ఎప్పటిలాగే.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారి పక్కన పీట వెయ్యమని అడిగి కూర్చున్నాడు. పులుసులో చేప తలకాయ తనకి వెయ్యమన్నాడు. నడక ఎలా జరిగిందిరా అని నాన్నగారు అడిగితే, "బాగా జరిగిందన్నయ్యా. ప్లీడరుగారు నిన్ను తలుచుకున్నారు" అన్నాడు. నాన్నగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. అమ్మ పులుసు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మకి తెలుసని, మొదటి రోజు నుంచీ తెలుసని నాకు ఆ నిలబడడంలో అర్థమైంది. ఇన్నేళ్లూ చిన్నాన్నకి పెద్ద ముక్క వేసి, వేణ్ణీళ్లు తోడి, చొక్కాకి గంజి పెట్టి, అంతా దయ అనుకున్నాను నేను. ఆవిడ భర్త తరఫున వాయిదాలు కడుతోంది అంతే.  చిన్నాన్న ముల్లు కూడా వదలకుండా తిని లేచాడు.

మర్నాడు పొద్దున నాన్నగారు అరుగు మీద కాఫీ గ్లాసు అందుకోగానే పెరటి వైపు నుంచి ఈల వచ్చింది. చిలువల ఈల. నాన్నగారి గ్లాసు కింద పడి దొర్లింది. ఆ మరునాడూ అంతే, ఆ పై నాడూ అంతే. చలికాలం పోయింది, పిట్టలు పోయాయి, ఎండాకాలం వచ్చింది, ఈల మాత్రం ఆగలేదు. కాఫీ వేళకి ఊదేవాడు, నానమ్మ తిట్టిన వేళకే. ఎవరు ఏమనగలరు? గుడ్డివాడు, ఆయనకి ఉన్న విద్య అదొక్కటి, సాధన చేసుకుంటున్నాడు. ఊళ్లోవాళ్లు ముచ్చటపడేవారు. ఒక్కోసారి నిజంగానే చిలువలు వచ్చి మా కొబ్బరిచెట్ల మీదుగా తిరిగి పెరటి కాలవలో దిగేవి. ఊదడం అయ్యాక కర్ర తాటించుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి, "నిద్ర పట్టిందా అన్నయ్యా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. నాన్నగారు పట్టిందనే చెప్పేవారు.

నాన్నగారు పడక మార్చారు. వీధి గదిలోంచి వంటింటి పక్క గదిలోకి పోయారు. చిన్నాన్న నులకమంచం ఆ కిటికీ కిందకి వచ్చింది. కాఫీ మానేశారు. మానేసిన వేళకి ఈల మానలేదు. బళ్లో పిల్లాడెవడో ఈల వేస్తే వాతలు తేలేలా కొట్టారట. ఆయన జన్మలో పిల్లలను కొట్టి ఎరగరు. మనిషి ఎండిపోవడం మేం చూస్తూనే ఉన్నాం. ఒకసారి అమ్మ దొడ్లో చిన్నాన్న కాళ్లు పట్టుకుంది. "మీ అన్నగారు చచ్చిపోతున్నారయ్యా, నీకు పుణ్యముంటది, ఆపేయ్" అంది. "నేనేం చేసేనొదినా, పిట్టల్ని పిలుచుకుంటన్నాను. అన్నయ్యకి అంత ఇబ్బందిగా ఉంటే ఎందుకిబ్బందో అన్నయ్యే వచ్చి చెప్పమను. చెప్పిన పూటే ఈ ఆకు చింపి కాలవలో పారేత్తాను" అన్నాడు. గుమ్మం వెనక నాన్నగారు నిలబడే ఉన్నారు. రాలేదు.

మా చర్చిలో ఆరాధన మొదలవగానే అందరూ లేచి నిలబడి పాపపు ఒప్పుకోలు చెప్పాలి. పాస్టరు అయ్యగారు పక్క ఊరి చర్చికి వెళ్లిన ఆదివారాల్లో అది నడిపించేది సంఘపెద్దగా నాన్నగారే. ఆయన గొంతు గంభీరంగా ఉండేది, అచ్చులో ఉన్నది ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. చిన్నాన్న అప్పటిదాకా చర్చికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు, ఆ తరువాత ఒక్క ఆదివారం మానలేదు. నేను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి ముందు చాప మీద కూర్చోబెడితే, ముఖం పైకెత్తి ఆ ఒప్పుకోలు మొత్తం వినేవాడు. అది పూర్తవగానే నన్ను గిల్లి, మొదటి కీర్తన ఎత్తుకునేలోగానే బయటికి నడిపించమనేవాడు. ఆరాధనలో ఆయనకి పనికొచ్చే ముక్క అదొక్కటే. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. నాన్నగారు మా వైపు చూపు పడకుండా పుస్తకం అడ్డం పెట్టుకోవడం ముందు చాప మీద ఉన్న నాకు కనిపించేది. ఇద్దరిలో ఎవరిని చూసి జాలిపడాలో తెలిసే వయసు కాదు నాది. నేను చిన్నాన్న పక్షమే వహించాను. అందుకు ఈనాడు కూడా నాకు విచారం లేదు, నాన్నగారంటే ప్రేమ లేకనూ కాదు.

అలా ఏళ్లు గడిచాయి. నాకు చదువైంది, ఉద్యోగమైంది, పెళ్లయింది. నాన్నగారు రిటైరైన కొద్ది కాలానికే, ఒక పొద్దున ఈల విని లేవబోయి పడిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు, మూతి పడిపోయాయి. నానమ్మ తిట్టు తగిలిందని నేననను, మా ఇంట్లో అలాంటివి నమ్మం. కాని తెల్లవారి లేచి ఆ చెయ్యి తుడిచేటప్పుడు అమ్మకీ, సాయానికి వచ్చి ఉన్న నాకూ ఆ తిట్టు వినపడేది. ఆయన పడ్డ నాటి నుంచి చిన్నాన్న ఈల వెయ్యలేదు. ఇక వదిలేశాడేమోనని మాలో ఒక ఆశ పుట్టింది.

కొన్నాళ్లకి చిన్నాన్న కర్ర తాటించుకుంటూ ఆ గదిలోకి వచ్చాడు. మంచం పట్టె తడుముకుని కూర్చున్నాడు. అన్న ముఖమంతా ఒకసారి చేత్తో నిమిరి, వంకరపోయిన మూతి దగ్గర వేళ్లు ఆపి, "అన్నయ్యా, ఇప్పుడైనా చెప్పు. ఒక్క మాట. నేనేం చెయ్యనులే" అన్నాడు. నాన్నగారి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. పెదాలు పెనుగులాడాయి. గొంతులోంచి శబ్దం వచ్చింది గాని అది మాటగా తయారవలేదు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అదే. చిన్నాన్నకి ఆ కన్నీళ్లు కనపడవు, పెదాల పెనుగులాట కనపడదు, ఆ శబ్దం ఒక్కటే వినపడుతుంది. నా వైపు తిరిగి, "ఏమంటన్నాడమ్మా?" అని అడిగాడు.

నేను నోరు విప్పేలోగా అమ్మ, "మంచినీళ్లు అడుగుతున్నారయ్యా" అంది. అని చెంచా తీసుకుని వచ్చి ఆయన నోట్లో నీళ్లు పోసింది. ఆ నీళ్లు మింగలేక నాన్నగారు పొలమారిపోయారు, ఆ మాట ఏదైతేనేం, ఆ దగ్గులో కలిసిపోయింది. అంతదాకా వచ్చి కూడా ఆవిడ ఆ మాటను గడప దాటనివ్వలేదు. భర్త పరువును అంత గట్టిగా కాపలా కాసిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

"నీళ్లే అడిగేడా?" అన్నాడు చిన్నాన్న, నన్నే. నాకు తెలియలేదు చిన్నాన్నా అన్నాను. అది నిజం. నీళ్లు కాదని తెలుసు, కాని ఏమన్నారో నాకు ఈనాటికీ తెలియదు. కర్ర తడుముకుని, "అయితే చెప్పలేదన్నమాట" అని లేచి వెళ్లిపోయాడు.

కాసేపటికి కిటికీ అవతల నుంచి ఈల వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లి చిన్నాన్న చేతులు పట్టుకున్నాను, ఆకు లాక్కోబోయాను, కాళ్ల మీద పడ్డాను. ఆయన నన్ను పక్కకి జరిపి ఊదాడు. లోపల నాన్నగారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు, ఆ రోజూ, మర్నాడూ. మూడోనాడు ఈల మధ్యలో పోయారు. అమ్మ ఏడుపు విని చిన్నాన్న ఊదడం ఆపాడు. సమాధుల తోటకి నా చెయ్యి పట్టుకునే వచ్చాడు, అందరితో పాటు మట్టి వేశాడు. చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ, ఎవరితోనో తెలియదు, "తప్పించుకున్నాడు" అన్నాడు.

ఆ తరువాత ఆయన ఆకు ముట్టలేదు. మరుసటి చలికాలం ప్లీడరుగారి కొడుకు జీపు పంపిస్తే, ఈల మరిచిపోయానని చెప్పి పంపేశాడు. పొద్దున్నే అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. అమ్మ ఎప్పటిలాగే పెద్ద ముక్క వేసేది, ఆయన తినేవాడు. ఆ ఇద్దరూ ఆ ఇంట్లో ఒకరికొకరు వండిపెట్టుకుంటూ, ఒక్క మాట కూడా తేల్చుకోకుండా ముసలివాళ్లై, ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

మొన్న ఆ గట్టు మీద స్పీకరు ఇంకా కూస్తూనే ఉంది. నా వాలకం చూసి జువాలజీ అమ్మాయి కంగారుపడి, ఏమైంది మేడమ్, షుగరు డౌనయిందా అని నీళ్ల సీసా అందించింది. నేను తాగలేదు. "మా చిన్నాన్న వీటిని ఇలాగే పిలిచేవాడమ్మా. ఆయన కళ్లు మా నాన్నగారే తీసేరు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఇంట్లో ముగ్గురు మనుషులు జన్మంతా నలిగిపోయినా బయటికి రాని మాట, నా నోట్లోంచి, పొద్దుటి నడకల్లో తప్ప పరిచయం లేని మనుషుల ముందు, మంచినీళ్లు వద్దని చెప్పినంత సులువుగా వచ్చేసింది. ఆ అమ్మాయి "అయ్యో, సారీ మేడమ్" అంది. బ్యాంకు మేనేజరుగారు టోపీ సర్దుకున్నారు. వినవలసిన మనిషి ఉన్నప్పుడు చెప్పగలిగిన నోరు తెరుచుకోలేదు. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా ఏదైనా చెప్పేసుకోవచ్చు, వినడానికి అంతమందీ ఉన్నారు, ఆ మాట కోసం బతుకంతా కాచుకుని కూర్చున్న చెవి ఒక్కటి లేదు.

అంతలో ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, కదలకండి మేడమ్, మీ వెనకే వస్తున్నాయి అని గుసగుసగా అంది. ఊదే ఊపిరి లేకుండానే, ఏ కొబ్బరాకూ లేకుండానే, అవి వచ్చాయి. తిరిగాయి, మళ్లీ తిరిగాయి, రెక్కలు బిగబట్టి జంబు మధ్య నీళ్లలోకి జారాయి. బైనాక్యులర్లన్నీ ఒక్కసారి లేచాయి, ఫోన్లు లేచాయి. నేను అలవాటు కొద్దీ వాటి రంగూ, ముడిచిన రెక్కలూ, వెంట ఉన్న పిల్లలూ అన్నీ చూసి మనసులో పెట్టుకుని, పక్కకి తిరిగి నిలబడ్డాను. అందరికీ కళ్లున్నాయి. ఎన్ని దిగాయని నన్ను ఎవరూ అడగలేదు.